మా దుకాణం నేల కింద వైరు

మా వాడలో ఎవరికైనా దయ్యం పట్టిందంటే నన్ను పిలుచుకుపోయేవాళ్లు. నాకు మంత్రాలేమీ రావు. వెళ్లి, ఆ పిల్ల పొద్దున ఏం తిన్నదో అడిగేదాన్ని. సగం దయ్యాలు రెండు రొట్టెలు తినిపిస్తే దిగిపోయేవి. మిగతా సగం అత్తను నాలుగు మాటలంటే దిగిపోయేవి. జిన్నులున్నాయని మౌల్వీసాబు చెప్తారు, నేను కాదనను. కానీ వాటికి జనగామలో ఒక మోటార్ వైండింగ్ దుకాణంతో ఏం పని అని నా ప్రశ్న. ఇప్పుడు రాయబోయేది జరిగిన తర్వాత కూడా నా మాట మారలేదు. జరిగింది మాత్రం జరిగింది. చూసినవాళ్లం బతికే ఉన్నాం.

నేను మూడో తరగతి దాకా చదివాను. ఇంట్లో మేము సగం ఉర్దూ, సగం తెలుగు కలిపి మాట్లాడుకుంటాం. చదివేవాళ్ల కోసం అంతా తెలుగులోనే పెడుతున్నాను.

మా ఆయనది మోటార్ వైండింగ్ పని. పాలకుర్తి నుంచి, చిల్పూర్ నుంచి రైతులు కాలిపోయిన మోటార్లను ఆటోల్లో వేసుకొని వచ్చేవాళ్లు. ఆయన మాడిన తీగ విప్పి తీస్తే నేను కొత్త తీగ చుట్టేదాన్ని. రాగి ముక్క గోరంత మిగిలినా డబ్బాలో వేసేదాన్ని. ఇంటికొచ్చిన చుట్టాలు నన్ను పిసినారి అని వెనక నవ్వుకునేవాళ్లు. ముందర నవ్విన వాళ్లు లేరు.

ఆయనకొక పద్ధతి ఉండేది. చెడిపోయిన మోటారు ఒక్కోసారి బల్ల మీద పెట్టి కరెంటు ఇవ్వగానే తనంతట తానే తిరుగుతుంది. వేరేవాళ్లయితే తుడిచి ఇచ్చి పంపేస్తారు. ఈయన పంపేవాడు కాదు. తప్పెక్కడుందో దొరక్కుండా తిరిగిన మోటారును మళ్లీ విప్పేవాడు. రైతు పరేషానై, "తిరుగుతాంది గదా సాబ్, ఇయ్యరాదు" అని బతిమాలినా వినేవాడు కాదు. "ఎందుకు ఆగిందో తెల్వదు, ఎందుకు తిరిగిందో తెల్వదు. గసొంటి దాన్ని నీ బాయిల ఎట్ల దించుతవ్?" అనేవాడు. మా దుకాణంలో పని నేర్చిన వాళ్లందరికీ ఇదే మొదటి పాఠం.

నా మనవరాలు నజ్మా ఆ బల్ల పక్కనే పెరిగింది. నా కొడుకు ఖాజా కూతురు. ఇంజినీరింగు చదివి, కంప్యూటర్లను వైర్లతో ఒకదానికొకటి కలిపే పని పట్టుకుంది. మా ఆయన పోయాక దుకాణం షట్టరు దించేశాం. తాళం చెవి నా కొంగునే ఉంది. ఖాజా హన్మకొండలో టైర్ల దుకాణంలో పనిచేస్తాడు, రోజూ రైల్లో పోయి వస్తాడు. బిర్యానీ హోటల్ పెడతామని ఎవరో అడిగితే దుకాణం కిరాయికి ఇచ్చేద్దామని పట్టుబట్టాడు. నజ్మా మాత్రం ఆ దుకాణంలో తన పని పెట్టుకుంటానంది.

తండ్రీ కూతుళ్లు నా ముందుకొచ్చి నిలబడ్డారు.

"అమ్మీ, అది ఆడపిల్ల. షట్టర్‌ల కూసొని వైర్లు అమ్ముతదా?" అన్నాడు ఖాజా.

"నేను ముప్పై ఏండ్లు గదే షట్టర్‌ల కూసొని తీగ చుట్టిన. నేను మొగోన్నా?" అన్నాను.

అలాగని పిల్లకు ఊరికే ఇచ్చే మనిషిని కూడా కాదు. "పని తెచ్చుకో, పని చేసి చూపెట్టు. నెగ్గితే చెవి నీది. నెగ్గకుంటే బిర్యానీ వాడిది" అని చెప్పాను.

పని తెచ్చుకుంది. మహబూబాబాద్‌లో, జనగామలో, భూపాలపల్లి వైపు ఘనపూర్‌లో ఆడపిల్లల హాస్టళ్లు నడిపే ఒక ట్రస్టు ఉంది. అక్కడ నెట్ సరిగా రాదు. పాఠాల వీడియోలన్నీ ఒక చిన్న కంప్యూటర్‌లో నింపిపెడితే, గదిలోని పిల్లలందరూ ఒకేసారి వైరు ద్వారా చూసుకునేలా చేయాలన్నది పని. ఆ చిన్న కంప్యూటర్‌ను నజ్మా తెచ్చి చూపిస్తే నేను నమ్మలేదు. అరచేతిలో పట్టింది. ఒకే పలక మీద అన్నీ అతికించి ఉన్నాయి. తెర లేదు, మీటలు లేవు. "ఇది కంప్యూటర్ అయితే నా తమలపాకుల పాన్‌దాన్ టీవీ" అన్నాను. నవ్వింది. దానికొక డబ్బా, చల్లబరచడానికి గోరంత ఫ్యాను పెట్టింది.

చిక్కంతా వేగం దగ్గర. పిల్లలందరూ ఒకేసారి చూస్తే వైరులో చాలా సామాను పోవాలి. ఎంత పోతుందో చూడడానికి ఒక పరీక్ష ఉంది. ఒక కొసన చిన్న కంప్యూటర్, ఇంకో కొసన మామూలు కంప్యూటర్. ఇటునుంచి ఆగకుండా పంపిస్తారు, అటు ఎంత అందిందో కొలుస్తారు. మంచిగా పనిచేస్తే తొమ్మిది వందల మెగాబిట్ల పైన రావాలి. వంద లోపల వస్తే సగం మంది పిల్లల తెరలు ఆగిపోతాయి. ట్రస్టు వాళ్లు చూసే నంబరు అదొక్కటే.

బల్ల మీద చిన్న వైరు పెట్టి చూస్తే తొమ్మిది వందల నలభై వచ్చింది. దుకాణం లోపలి గదిలోకి పెద్ద వైరు మీద చూస్తే తొంభై నాలుగు. దాన్ని మించలేదు. ఆ వైరు మా ఆయన వేసిందే. నజ్మా కాలేజీలో చేరినప్పుడు ఇంట్లోకి నెట్ కావాలంటే, దుకాణం నేల కింద పాత పైపులోంచి తానే లాగాడు. అప్పుడు వేగం ఎంతొస్తుందని ఎవరూ కొలవలేదు, ఏదో నడిచింది.

నజ్మా కొసలకు క్లిప్పులు కోసి కొత్తవి కొట్టింది. ఇటు మార్చింది, అటు మార్చింది. చివరికి వైరు పరీక్షించే చిన్న దీపాల డబ్బా తెచ్చి పెట్టింది. ఎనిమిది దీపాల్లో నాలుగు వెలగలేదు.

"దాదీ, ఇందుల ఎనిమిది పోగులుంటయి. రెండేసి మెలేసి నాలుగు జతలు. నాలుగు జతలు బాగుంటెనే పెద్ద వేగం. రెండే ఉంటే వంద దాటదు. ఇందుల రెండు జతలు యాడనో తెగినయి" అంది.

నాకు వెంటనే అర్థమైంది. మూడు ఫేజుల మోటారుకు ఒక ఫేజు పోతే గుర్రుమంటుంది గానీ బరువు లాగదు. ఇదీ అంతే. వైరు లాగి తీద్దామంటే పైపు వంపు దగ్గర ఇరుక్కుపోయి రాలేదు. కొత్త వైరు ఖాజా ఆదివారం హన్మకొండ నుంచి తెస్తానన్నాడు. సోమవారం ట్రస్టు వాళ్లు వస్తారు, ఆలోపు గోడ మీదుగా వేసుకోవచ్చని నజ్మా లెక్క.

ట్రస్టు ఇంజినీరు సుధాకర్ శనివారం మధ్యాహ్నమే వచ్చేశాడు. మహబూబాబాద్ పోతూ దారిలో దిగాడట. నజ్మా ముఖం చూశాను, నెత్తురు లేదు.

"సర్, బల్ల మీద చూపిస్త" అంది.

"బల్ల మీద అన్నీ ఉరుకుతయమ్మా. హాస్టల్‌ల గోడలుంటయి గద. లోపలి గదిలకు పెట్టు, చూస్త" అన్నాడు.

పిల్ల ఏమీ అబద్ధం చెప్పలేదు. వైరు బాగా లేదని, వంద దాటదని ముందే చెప్పింది. ఆయన "చూద్దాం" అన్నాడు. పక్కన టీ హోటల్ యాదగిరి గ్లాసులు పట్టుకొని వచ్చి, ఏమవుతుందో చూద్దామని అక్కడే నిలబడ్డాడు.

నేను పైపు నేలలోకి దిగే మూల దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. మా ఆయన బతికున్నప్పుడు కూడా నా చోటు అదే. నజ్మా మీట నొక్కింది. అప్పుడు పైపు మూతి మీద నా చెయ్యి ఉంది. ఊరికే ఆనించాను, లేచి నిలబడదామని.

పైపు వెచ్చగా ఉంది.

ఎండ పడే చోటు కాదు అది. అందులో కరెంటు తీగ కూడా లేదు. ఆయన పోయాక పాత కరెంటు తీగలన్నీ నేనే పీకించి రాగికి అమ్మాను. ఆ పైపులో మిగిలింది ఆ ఒక్క నెట్ వైరు. అయినా నా అరచేతి కింద వెచ్చగా, సన్నగా అదురుతోంది. బరువు మీద తిరిగే మంచి మోటారు మీద చెయ్యి పెడితే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, వేల మోటార్ల మీద పెట్టి చూశాను. అట్లా ఉంది. నేను చెయ్యి తియ్యలేదు.

"తొమ్మిది వందల నలభై ఒకటి" అన్నాడు సుధాకర్.

నజ్మా తెర దగ్గరికి వంగింది. ఆయన తిప్పి అటునుంచి ఇటు చూడమన్నాడు. మళ్లీ అదే. ఇంకోసారి చూడమన్నాడు. అదే. ఫోన్‌తో తెర ఫోటో తీసుకున్నాడు.

"వంద దాటదన్నవ్ గదమ్మా. నన్ను ఆట పట్టిస్తున్నవా?" అని నవ్వాడు. ఆర్డరు కాగితం సోమవారం పంపిస్తానని చెప్పి, టీ తాగి పోయాడు.

ఆయన కారు మలుపు తిరగగానే నజ్మా మళ్లీ మీట నొక్కింది. తొంభై నాలుగు. మళ్లీ నొక్కింది. తొంభై నాలుగు. నేను పైపు పట్టుకొని చూశాను. చల్లగా రాయిలా ఉంది. దీపాల డబ్బా పెడితే నాలుగే వెలిగాయి.

యాదగిరి ఖాళీ గ్లాసులు చేతిలో పట్టుకొని, "పెద్దమ్మా, మన మోటార్ల సాబు వచ్చి పోయిండు" అన్నాడు మెల్లగా.

"నీ హోటల్ల పాలు పొంగుతున్నయి, పో" అన్నాను. పైపు వెచ్చబడిన సంగతి ఆ రోజు నేను ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ఖాజా కొత్త వైరుతో వచ్చాడు. కూతురు నెగ్గిందని విని కాస్త గర్వపడ్డట్టే కనిపించాడు. కానీ ఆ పిల్ల మేస్త్రీని పిలిపించి దుకాణం నేల పగలగొట్టిస్తోంది.

"ఆర్డర్ చేతికొచ్చినంక నేల తవ్వుడేందే? దిమాగ్ ఉన్నదా?" అని అరిచాడు.

"ఎట్లొచ్చిందో తెల్వకుంట వచ్చింది బాబా" అంది నజ్మా. అంతే. ఆ ఒక్క మాటకు ఖాజా చేతిలోని వైరు చుట్టను మేస్త్రీ పక్కన పెట్టాడు. అది ఎవరి పద్ధతో వాడికీ తెలుసు.

వంపు దగ్గర పైపు కోసి చూశాం. ఎలుకలు కొరికాయి. అది కూడా ఎప్పటి మాటో. వాటి గూడు ఎండి పొడి పొడిగా రాలింది. ఎనిమిది పోగుల్లో నాలుగు పూర్తిగా తెగి ఉన్నాయి. రాగి కొసలు పచ్చగా చిలుము పట్టాయి. కొసకూ కొసకూ మధ్య నా వేలు పట్టేంత ఖాళీ. రాగితో బతికినదాన్ని, చిలుము ఎంత పాతదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అది నిన్న మొన్న తెగిన తీగ కాదు. మా ఆయన బతికుండగానే తెగి ఉంటుంది.

నజ్మా ఆ ముక్కను చాలాసేపు చూసింది. తర్వాత ఫోన్ తీసి సుధాకర్‌కు చేసింది. ఖాజా దాని చెయ్యి పట్టుకోబోతే నేను కళ్లతోనే ఆపాను.

"సర్, నిన్న మీరు చూసిన నంబరు నాది కాదు. వైరు లోపల తెగి ఉన్నది. అందుల అంత వేగం రాదు. నా డబ్బాను మీరు ఇంకోసారి చూడాలె" అంది.

 ఫోన్ స్పీకర్‌లో ఉంది కాబట్టి అందరం విన్నాం.

"ఫోటో నా దగ్గర ఉన్నదమ్మా. నువ్వు సప్పుడు చేయకుంటే అయిపోయేది" అన్నాడు.

"ముగ్గురు ముగ్గురు ఆడపిల్లలు ఒక బెంచి మీద కూసొని చూసేది సర్. రేపు ఆగిపోతే ఆ ఫోటో ఏం జేస్తది?"

"అయితే ఆర్డర్ ఆపాలె. ఘనపూర్ హాస్టల్‌కే రా. అక్కడే నడిపి చూపెట్టు. అక్కడ రాకుంటే మాత్రం వేరేటోళ్లకు ఇస్తరు" అన్నాడు.

నాకు డెబ్బై దాటాయి. కొడుకు పెళ్లిలో కూడా నా కళ్లు చెమ్మగిల్లలేదు. ఆ రోజు వంటింట్లోకి పోయి ఉల్లిగడ్డలు తరిగాను, అవసరం లేకపోయినా. పారేయలేదు లెండి, రాత్రికి కూర చేశాను.

ఘనపూర్‌కు నేనూ పోయాను. మా పక్కనున్న స్టేషన్ ఘనపూర్ కాదు, భూపాలపల్లి వైపుది. ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదు కదా, పోవడానికి నాకేం అడ్డం? ఖాజా మాత్రం, "నువ్వక్కడ ఏం జేస్తవ్ అమ్మీ" అన్నాడు. నేను చూడాలనుకున్నది ఒకటుంది. మా ఆయన కాలు పెట్టని ఊరు అది. ఆయన పైపు లేదు, వైరు లేదు, దుకాణం లేదు. అక్కడ పిల్ల ఒంటరిగా నిలబడాలి.

హాస్టల్ గదిలో కొత్త వైరు గోడ వెంట వేసింది. దీపాల డబ్బాలో ఎనిమిదీ వెలిగాయి. అటు పంపితే తొమ్మిది వందల నలభై. ఇటు తీసుకుంటే ఆరు వందలు. గుమ్మంలో ఆడపిల్లలు గుంపుగా నిలబడి చూస్తున్నారు. సుధాకర్ పెదవి విరిచాడు.

"ఇంక సాలమ్మా, నాకు భూపాలపల్లిల పనున్నది" అన్నాడు.

"జర ఆగు బిడ్డా. మోటారు ఎక్కించినంక బెల్టు సరి చూస్తరు. దానికి టైం పడుతది" అని నేను కుర్చీ లాగి ఆయనకు వేశాను. కూర్చోక ఏం చేస్తాడు.

నజ్మా డబ్బా మీద చెయ్యి పెట్టి చూసింది. వేడిగా ఉంది. ఫ్యాను తిప్పి పెట్టింది, పెద్ద అడాప్టర్ మార్చింది. కొంచెం పెరిగింది, చాలలేదు. అప్పుడు తెర మీద ఏదో చూస్తూ, "దాదీ, దొరికింది" అంది. ఆ చిన్న కంప్యూటర్‌కు నాలుగు మెదళ్లుంటాయట. వచ్చిన సామానంతా ఒక్క మెదడే దించుకుంటోంది, మిగతా మూడూ ఊరికే కూర్చున్నాయి. మా ఆయన ఒక్కడే తీగ విప్పి, వార్నిష్ పోసి, రైతులతో మాట్లాడుతుంటే పని ఎట్లా సాగేదో నేను చూడలేదా? నజ్మా ఆ పనిని నలుగురికీ పంచిపెట్టింది. ఎట్లా పంచిందో నన్నడగొద్దు, తెల్ల అక్షరాలు చాలా కొట్టింది.

మీట నొక్కింది. అటు తొమ్మిది వందల నలభై. ఇటు తొమ్మిది వందల ముప్పై. మళ్లీ నొక్కింది, మళ్లీ అంతే.

నేను లేచి గోడ మీది వైరును పట్టుకొని చూశాను. చల్లగా ఉంది. అదరడం లేదు. ఇటువంటి వైరు వెచ్చబడుతుందా అని సుధాకర్‌ను అడిగితే, "అసలు వెచ్చబడదమ్మా, ఎందుకు?" అన్నాడు. "ఊరికే" అన్నాను.

తర్వాత పిల్లలందరూ వచ్చి కూర్చున్నారు. అన్ని తెరల మీదా పాఠం ఒకేసారి మొదలైంది, ఒక్కటీ ఆగలేదు. వెనక బెంచీ పిల్ల ఒకతి లేచి, "అక్కా, గీ డబ్బ మేం గూడ చేసుకోవచ్చా?" అని అడిగింది. "నేర్పిస్త" అంది నా మనవరాలు. వార్డెన్ నా దగ్గరికొచ్చి, ఆ ఇంజినీరమ్మ మీకేమవుతుందని అడిగింది. నేను కాస్త గట్టిగానే చెప్పాను. వరండాలో ఉన్నవాళ్లకు కూడా వినిపించి ఉంటుంది.

వచ్చేటప్పుడు హన్మకొండ బస్టాండులో బస్సు కోసం కూర్చున్నప్పుడు కొంగు ముడి విప్పి తాళం చెవి దాని చేతిలో పెట్టాను. "షట్టర్‌కు నూనె నువ్వే పోసుకో" అన్నాను.  తర్వాత మహబూబాబాద్ హాస్టల్‌లో కూడా అంతే వేగం తెప్పించింది. ఖాజా రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు తానే షట్టర్‌కు రంగు వేశాడు.

వాడలో మాత్రం వేరే కథ పాకింది. యాదగిరి ఊరంతా చెప్పాడు. దుకాణం ముందు ఎవరో ఊదుబత్తులు కూడా వెలిగించి పోయారు. నేను తీసి పారేశాను.

"సాబు దయ పెద్దమ్మా. ఆయన రాకుంటే పిల్లకు ఆర్డర్ యాడిది?" అన్నాడు యాదగిరి ఒకరోజు.

"ఆయన రాలే. వచ్చినా, ఆ నంబరును పిల్ల వాపసు ఇచ్చింది. నీ కండ్ల ముంగటనే నేల తవ్వింది గద. ఘనపూర్‌ల ఎవ్వడొచ్చిండు? పని దాన్ది. దాని పేరు తీస్కపోయి సచ్చినోళ్ల మీద పెట్టకు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ అంటాను, ఎవరొచ్చి అడిగినా.

సుధాకర్ ఇప్పుడు కూడా అప్పుడప్పుడు దుకాణానికి వస్తాడు. శనివారం తీసిన ఫోటో ఆయన ఫోన్‌లో ఉంది, నేను చూశాను. నంబరు స్పష్టంగా ఉంది. తెగిన వైరు ముక్కను చేతిలో తిప్పి చూశాడు. తడి వల్ల కావచ్చన్నాడు, కొలిచే ప్రోగ్రాం తప్పు చెప్పి ఉండొచ్చన్నాడు. మళ్లీ తనే తల అడ్డంగా ఊపాడు. వేలు పట్టేంత ఖాళీ దాటి మూడుసార్లు అంత వేగం ఎట్లా వచ్చిందో తన చదువులో లేదన్నాడు. నా చదువు మూడో తరగతి. నాకు తెలిసిందల్లా చేతికి తెలిసిందే. నడిచే మోటారు మీద చెయ్యి పెట్టి నేను ఇంతవరకు మోసపోలేదు. ఆ మధ్యాహ్నం నా చేతి కింద ఏదో నిండు బరువు మీద నడిచింది. అదేమిటో నాకు తెలియదు. తెలిసిందని చెప్పేవాళ్లను నేను నమ్మను.